మీరు నిద్రపోయిన మధ్యాహ్నం

అత్తయ్యగారికి, మీ కోడలు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. అక్కడ మీ అమ్మాయింట్లో మీరూ, వదినా, అన్నయ్యగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. క్షేమం అన్న మాట దగ్గర ఈమధ్య పెన్ను కాస్త ఆగుతోంది. కానీ జ్వరం లేదు, దెబ్బ లేదు, పొద్దున్నే లేచి పనికి వెళ్తున్నాను. కాబట్టి ఆ మాటే రాయాలి.

మీ ఉత్తరం బుధవారం అందింది. దుకాణానికి వెళ్ళే తొందరలో మెట్ల మీదే చించి చదివాను. సాయంత్రం వచ్చి కూర్చుని మళ్ళీ చదివాను. ముందు చిన్న ప్రశ్నలకు జవాబులు. వంటింట్లో కుళాయి బాగైంది. ప్లంబరు దాన్ని విప్పుతూ, "ఈ చప్పుడు ఇన్నాళ్ళూ ఎలా భరించారమ్మా" అన్నాడు. నాకు చప్పుడేమీ వినపడలేదు. అతను అన్నాకే, అవును, చప్పుడు వచ్చేది కదా అనుకున్నాను. మీ గది కిటికీ రోజూ తెరిచి వేస్తున్నాను. మీ అబ్బాయి బూట్లు ఎవరికన్నా ఇచ్చావా అని అడిగారు. ఇవ్వలేదు. తలుపు పక్కనే ఉన్నాయి. ఎదురింటావిడ వచ్చినప్పుడు వాటిని దాటుకుని లోపలికి వస్తుంది.

దుకాణంలో నన్ను కౌంటరు దగ్గర్నుంచి తీసి, లోపల అద్దాలు అరగదీసే మిషను దగ్గర కూర్చోబెట్టారు. "కొన్నాళ్ళు జనంతో మాట్లాడే పని వద్దులేమ్మా" అన్నారు మా యజమాని. మంచి మనసుతోనే అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకునేవాళ్ళకు "మీకు బాగా నప్పింది" అని చెప్పాలంటే మొహం మీద కొంచెం వెలుగుండాలి. మిషను దగ్గర ఆ బాధ లేదు. దాని రొదలో ఎవరూ నన్నేమీ అడగరు.

ఏడిచావా అని కూడా అడిగారు. లేదత్తయ్యా. ఏడుపు రావడం లేదు. పళ్ళ డాక్టరు మత్తు సూది వేశాక మన పెదవి మనది కానట్టు ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది.

ఇక పెద్ద ప్రశ్న. "మధ్యాహ్నం సగం గిన్నె సూపు తాగినవాడు సాయంత్రానికి ఎలా పోతాడు? ఆ మధ్యలో ఆస్పత్రివాళ్ళు ఏదో చేశారు. ఆస్పత్రిలో వాడి పక్కనున్న పొడుగాయన్ని ఆదివారం రమ్మన్నాను. ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాను" అని రాశారు. దాని కింద కాగితం అంచున, చోటు చాలక చిన్న అక్షరాలతో ఇంకో మాట రాశారు. "మూడు రోజులు కన్ను మూయనిదాన్ని, నువ్వు ఆ కబురు చెప్పగానే పడుకుని నిద్రపోయాను. నేను మెలకువగా ఉండి ఉంటే" అని. ఆ వాక్యం మీరు పూర్తి చేయలేదు.

దాన్ని చదివాక దుకాణంలో రెండు అద్దాలు పాడుచేశాను.

మీకు ఫోన్ చేసి చెబుదామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను. ఆ రోజు సంగతి ఇంతవరకు ఎవరికీ వరసగా చెప్పలేదు. మొదటినుంచీ చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మీ అబ్బాయి పనికి వెళ్ళిన ఊళ్ళో ఆస్పత్రిలో చేరిన మూడో రోజు పొద్దున్న, నేను బయల్దేరేటప్పుడు మీరు గుమ్మంలో నిలబడి, "వాణ్ణి చూడగానే నాకు ఫోన్ చెయ్యి, వాడితో కూడా మాట్లాడించు" అన్నారు. టాక్సీలో కూర్చున్నాక చూసుకుంటే రెండు కాళ్ళకూ రెండు రకాల చెప్పులున్నాయి. వెనక్కి రాలేదు. మొదటి ఎయిర్‌పోర్టులో సామాను తనిఖీ చేసే అమ్మాయి నా తాళాల గుత్తికి వేలాడే చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని, "ఇదేంటండీ" అంది. కళ్ళజోడు మరలు బిగించేదమ్మా అన్నాను. "కుదరదండీ" అని డబ్బాలో పడేసింది. ఆ డబ్బాలో కత్తెరలు, అగ్గిపెట్టెలు, ఎవరిదో వెన్నకత్తి. నా స్క్రూడ్రైవరు వాటి మధ్య బొమ్మలా కనబడింది. అక్కణ్ణుంచి లోపలికి వచ్చాక పొడుగాయన ఫోన్ చేశాడు. మాట్లాడాను. తర్వాత విమానం ఎక్కాను.

విమానంలో నా పక్కన పరుపుల కంపెనీ ఏజెంటు ఒకాయన కూర్చున్నాడు. మాటకారి. సీటు నొక్కి చూసి, "ఇందులో వాడింది మూడో రకం స్పాంజి" అన్నాడు. ఎక్కడికని అడిగాడు. మా ఆయన దగ్గరికి అన్నాను. ఆయనేం చేస్తారంటే లిఫ్టులు బిగిస్తారు, బాగుచేస్తారు అన్నాను. "అయితే మీవారికి మెట్లెక్కే బాధ లేదు" అన్నాడు.

"లేకపోవడమేంటండీ, ఆయన లిఫ్టు ఎక్కరు" అన్నాను. "రోజంతా దాని మొహమే చూస్తాను, ఇంటికొచ్చాక కూడా చూడాలా అంటారు. మార్కెట్ నుంచి సామాను తెచ్చినా మెట్ల మీదుగానే. నేనూ మా అత్తయ్యా లిఫ్టులో వెళ్ళి పైన నిలబడి ఎదురుచూస్తాం. ఆయన రొప్పుకుంటూ వచ్చి, మీ లిఫ్టు మూడో అంతస్తు దగ్గర మూలిగింది, విన్నారా అని అడుగుతారు."

ఆయన పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వానత్తయ్యా. "మంచి మనిషిలా ఉన్నారే" అన్నాడు. మంచి మనిషేనండీ అన్నాను. ఒంట్లో బాగుంటుందా, బరువులెత్తే పని కదా అంటే, బాగానే ఉంటుందండీ అన్నాను. ఆయన తన కార్డు ఇచ్చి, ఇద్దరూ కలిసి ఒకసారి షాపుకు రండి, నడుం నొప్పి రాని పరుపు చూపిస్తానన్నాడు. సరేనన్నాను.

రెండో విమానం కోసం దిగిన ఊళ్ళో మబ్బు పట్టి విమానాలన్నీ ఆలస్యమయ్యాయి. ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేదు. కుర్చీలన్నీ నిండిపోయి జనం నేల మీద కూడా కూర్చున్నారు. నా పక్కన ఒక తాతగారు. రిటైరైన బస్సు డ్రైవరట. ఒంటరిగా విమానమెక్కడం అదే మొదలు. మైకులో ఏ ప్రకటన వచ్చినా నా మోచెయ్యి తట్టి, "మనదేనా" అనేవారు. కాదండీ అనేదాన్ని. "జీవితమంతా జనాన్ని ఎక్కించుకుని టైముకి దింపానమ్మా. ఇవాళ నన్ను ఎక్కించుకునేవాడు కనపడ్డం లేదు" అన్నారు. పక్కవాళ్ళు కూడా నవ్వారు. ఎవరి దగ్గరికమ్మా అని అడిగితే, ఆయనకూ మా ఆయన దగ్గరికనే చెప్పాను.

ఆయన కళ్ళజోడు కాడ ఒకటి ఊడిపోయి ఉంది. చేత్తో పట్టుకుని బోర్డు చదువుతున్నారు. ఇలా ఇవ్వండి అని తీసుకున్నాను. మర ఆయన జేబులోనే ఉంది, స్క్రూడ్రైవరే లేదు. చెవి దిద్దు తీసి, దాని కాడ కొసతో తిప్పి బిగించాను. ఎంతసేపు పట్టిందో తెలీదు. ఆ కాసేపూ నా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆయన పెట్టుకుని నా మొహంలోకి చూసి, "పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేవే" అన్నారు. తన సంచీలోంచి బన్ను తీసి సగం తుంచి ఇచ్చారు. ఆ రోజు ఏం తిన్నావని మీరడిగారు కదా, అదే. సగం బన్ను. నమిలాను గానీ రుచి గుర్తులేదు.

ఇంకో సంగతి అడిగారు. ఫోన్లో పసిపిల్ల ఏడుపు వినిపించింది, అది ఎవరిదని. మనింట్లో ఎప్పుడూ లేని చప్పుడు కాబట్టి మీకు గుర్తుండిపోయింది. ఎదురు కుర్చీలో ఒక చంటిపిల్ల తల్లి ఉంది. సంచులన్నీ మోసుకుంటూ బాత్రూముకు వెళ్ళలేక అటూ ఇటూ చూసి, "అక్కా, రెండు నిమిషాలు పట్టుకుంటారా" అంది. ఇంతమందిలో నన్నే ఎందుకు నమ్మిందో. పిల్లని నా చేతుల్లో పెట్టి పరిగెత్తింది. ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి, చొంగతో జాకెట్టంతా తడిపి, వేడిగా ఊపిరి వదులుతూ నిద్రపోయింది. సరిగ్గా అప్పుడే మీరు ఫోన్ చేశారు. ఒక చేత్తో పిల్లని పట్టుకుని ఇంకో చేత్తో ఎత్తాను.

"ఎక్కడున్నావమ్మా" అన్నారు.

"మధ్య ఎయిర్‌పోర్టులో అత్తయ్యా. విమానం ఆలస్యం."

"వాడి కబురేమన్నా తెలిసిందా?"

"పొడుగాయన ఫోన్ చేశాడు."

"ఏమన్నాడు? లోపలికేమన్నా పోయిందటా? నిన్నంతా నోట్లో ఏమీ పెట్టుకోలేదన్నారు."

"తాగారట."

"ఏం తాగాడు?"

"సూపు."

"ఎంత?"

"సగం గిన్నె."

మీరు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. "సగం గిన్నె పోయిందంటే ఇక భయం లేదు. చిన్నప్పుడూ వాడింతే, ఒళ్ళు కుదుటపడితే గానీ ఏదీ ముట్టేవాడు కాదు. ఇప్పుడు నేనూ కాసేపు నడుం వాలుస్తానమ్మా" అన్నారు. పడుకోండత్తయ్యా అన్నాను. అప్పుడు పిల్ల లేచి ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేశాను.

అత్తయ్యా, పొద్దున్న పొడుగాయన నాతో చెప్పింది సూపు సంగతి కాదు.

మొదటి ఎయిర్‌పోర్టులో తనిఖీ దాటి చెప్పులు తొడుక్కుంటున్నాను, ఫోన్ మోగింది. "వదినా, ఎక్కడున్నావ్" అన్నాడు. లోపలికి వచ్చేశానన్నాను. "కూర్చో వదినా" అన్నాడు. కూర్చునే ఉన్నానన్నాను, నిలబడి ఉండి. తర్వాత, "ఇప్పుడే. నేను పక్కనే ఉన్నా. చెయ్యి పట్టుకునే ఉన్నా" అన్నాడు. సరే అన్నాను. "వదినా, విన్నావా" అన్నాడు. విన్నాను, విమానం దిగాక ఫోన్ చేస్తానన్నాను. ఎవరో గోధుమరంగు సూట్‌కేసు లాక్కుంటూ నా కాలి మీదుగా పోయి క్షమించమన్నారు. ఫర్వాలేదన్నాను. ఆ తర్వాత ఎవరేం చెబితే అది చేశాను. వరసలో నిలబడమంటే నిలబడ్డాను, బెల్టు పెట్టుకోమంటే పెట్టుకున్నాను.

అంటే మీరు నడుం వాల్చేసరికే మీ అబ్బాయి లేరు. మీరు మెలకువగా ఉన్న పొద్దున్నే వెళ్ళిపోయారు. ఆస్పత్రివాళ్ళు మధ్యాహ్నం ఆయనకు చేసిందేమీ లేదు, చేయడానికి ఆయన లేరు. మీ నిద్ర వల్ల పోయిందేమీ లేదత్తయ్యా. ఆ వాక్యాన్ని అక్కడే వదిలేయండి, పూర్తి చేయకండి.

ఎందుకలా చెప్పావని అడుగుతారు. నలుగురికీ చెప్పుకోగలిగిన కారణం ఒకటుంది. ఇంట్లో మీరొక్కరే ఉన్నారు. వదిన సాయంత్రానికి గానీ రాదు. మూడు రోజులుగా తిండీ నిద్రా లేని మనిషికి ఫోన్లో ఆ మాట చెప్పి, అక్కణ్ణుంచి నేనేం చేయగలను? మీరు కింద పడితే లేపేవాళ్ళెవరు? ఇది అబద్ధం కాదు. అప్పుడు నాకు ఈ ఆలోచన వచ్చింది కూడా.

కానీ అది మొదట వచ్చిన ఆలోచన కాదు. మీరు "లోపలికేమన్నా పోయిందటా" అని అడిగినప్పుడు మీ గొంతులో ఆయన ఇంకా ఉన్నారు. పరుపులాయన దగ్గర ఉన్నారు, తాతగారి దగ్గర ఉన్నారు, కానీ వాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళు, దిగి వెళ్ళిపోతారు. మీరలా కాదు. మీరు నమ్మితే ఆయన ఒక చోట నిజంగా ఉన్నట్టే అనిపించింది. నేను నోరు తెరిస్తే అక్కడ కూడా ఉండరు. తాగారట అన్నాను. ఎంత అన్నారు. ఎంతంటే నమ్ముతారో లెక్కవేసుకుని సగం గిన్నె అన్నాను. గిన్నెడు అంటే మీరు నమ్మరని తెలుసు. అంత తెలివి ఆ స్థితిలో ఎక్కణ్ణుంచి వచ్చిందో, తలుచుకుంటే నామీద నాకే జంకుగా ఉంటుంది. మీరు ఊపిరి వదిలినప్పుడు నాక్కూడా ఒక్క క్షణం ఆయన తాగినట్టే అనిపించిందత్తయ్యా. గిన్నె పక్కన పెట్టి మూతి తుడుచుకున్నట్టు. దానికోసమే చెప్పాను. మీ కోసం కాదు.

చంటిదాని తల్లి తిరిగొచ్చి, "ఏడిపించిందా అక్కా" అని పిల్లని తీసుకుంది. లేదమ్మా, బుద్ధిగా పడుకుంది అన్నాను. భుజం మీద తడి ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.

చివరికి మా విమానం పిలిచారు. తాతగారు వేరే ఊరికి. ఆ ప్రకటనకు కూడా మోచెయ్యి తట్టి "మనదేనా" అన్నారు. నాదండీ, మీది కాదు అన్నాను. మొదటిసారి ఆయన మొహంలో బెంగ కనబడింది. నేను లేచాక, "మీ ఆయన్ని అడిగానని చెప్పమ్మా" అన్నారు. చెబుతానన్నాను. ఆయన్ని పక్క సీటు కుర్రజంటకు అప్పగించి, ప్రకటన వస్తే చెప్పమని వాళ్ళకు చెప్పి వెళ్ళాను.

దిగేసరికి ఇంకా పొద్దుంది. పొడుగాయన బయట నిలబడి ఉన్నాడు, పని బట్టల్లోనే. మోచేతుల దాకా గ్రీజు మరకలు. మూడు రోజుల నుంచి బట్టలు మార్చినట్టు లేడు. నా సంచీ అందుకుని, "పెద్దమ్మకి చెప్పావా వదినా" అన్నాడు.

"లేదు. సూపు తాగారని చెప్పాను."

అతను ఆగి నావైపు చూశాడు. "నన్నడిగితే నేనేం చెప్పాలి?"

"ఏమీ చెప్పకు. నేనే చెబుతాను."

"సరే" అన్నాడు. అతని సంగతి మీకు తెలుసుగా, అద్దె ఆలస్యమైతే ఇంటి ఓనరుకు కూడా అబద్ధం చెప్పలేక దాక్కుంటాడు. అలాంటివాడు నా మాట మీద ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాడు. కార్యక్రమాలన్నీ జరిగినన్నాళ్ళూ మీ ఎదురుగా రాకుండా వంటవాళ్ళ దగ్గర తిరిగింది అందుకే. మీరు అతన్ని తప్పుపట్టారు, స్నేహితుడై ఉండి పలకరించలేదని. ఆ తప్పు నాది.

ఆస్పత్రిలో చల్లటి గదిలోకి తీసుకెళ్ళారు. మీ అబ్బాయి మొహం మామూలుగానే ఉంది. గడ్డం మాత్రం పెరిగింది. ఏం చేయాలో తెలియక దుప్పటి అంచు సరిచేశాను. ఏదన్నా మాట్లాడాలనిపించింది. "దారిలో ఒక తాతగారు, మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారు" అన్నాను. పొడుగాయన బయటికి వెళ్ళిపోయాడు. వరండాలో గోడ వైపు తిరిగి అతను ఏడుస్తుంటే వినపడింది. నేను అది విన్నాను, అంతే.

వదిన ఇంటికి చేరిందని తెలిశాక ఫోన్ చేశాను. వదిన మీ పక్కన కూర్చున్నాక మీ చేతికిమ్మన్నాను. చెప్పాను. మీరు కేకలు పెట్టలేదు. నిద్ర కళ్ళతో లేచిన గొంతుతో, "సూపు తాగాడన్నావుగా" అన్నారు. ఒక్క మాటే. దానికి నేను జవాబు చెప్పలేదు. ఈ ఉత్తరం ఆ జవాబు.

ఆదివారం పొడుగాయన వస్తే కోప్పడకండి. ఆస్పత్రి గురించి అడగాల్సిన పని లేదు. చివర్లో ఆయన ఏం మాట్లాడారో అడగండి. నాకు చెప్పాడు. నేను రాయగలను గానీ, పక్కనున్నవాడి నోటివెంట వింటేనే బాగుంటుంది. పెద్ద మాటలేమీ కావు. మీరున్నారు అందులో.

నామీద కోపం రావాలి మీకు. వస్తే దాచుకోకండి. అన్నయ్యగారికీ వదినకూ ఈ ఉత్తరం చదివి వినిపించండి, నా గురించి వాళ్ళేమనుకున్నా సరే. ఇంటికెప్పుడొస్తారని నేనిప్పుడు అడగను. మీ గది మీ గదే. తాళం లేదు.

ఇది అందాక ఒకసారి ఫోన్ చెయ్యండి. తిట్టడానికే అయినా చెయ్యండి. నేను ఎత్తి ఏమీ మాట్లాడకపోతే పెట్టేయకండి అత్తయ్యా. ఈమధ్య నాకు మాట రావడానికి కొంచెం సేపు పడుతోంది. ఆ కాసేపు ఆగండి. నేను ఉంటాను.

ఇట్లు,
మీ కోడలు